పోయిన మనిషి కట్టిన ఇంటిపన్ను

వార్డెన్ గది, బాలికల హాస్టల్
జూన్ 9

చిట్టీ,

కోర్టు కాగితం చేతికొచ్చింది. ఏడేళ్లకు పైగా కబురు లేని మనిషిని చనిపోయినట్టుగానే భావించవచ్చని రాసి, కింద గుండ్రటి ముద్ర వేశారు. రెండే పేజీలు. కాగితం ఇచ్చిన గుమాస్తా, "జాగ్రత్తమ్మా, అసలు కాపీ పోతే మళ్లీ పుట్టదు" అన్నాడు. నవ్వొచ్చింది. బయటికి వచ్చాక మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

ఇక ఆ ఇంటికి తాళం వేసి ఉంచడంలో అర్థం లేదు. అద్దెకిచ్చేద్దాం. నాకు సెలవు దొరకదు. దొరికినా ఆ గుమ్మం తొక్కలేను. కుట్టు దుకాణం, ఇద్దరు పిల్లలు, వాళ్ల బడి, వీటితోనే నీకు ఊపిరాడదని తెలుసు. అయినా నీ నెత్తినే పెడుతున్నాను. నాకు ఇంకెవరున్నారు?

సున్నం వేయించు. వంటింటి పంపు బాగుచేయించు. మీ బావ బట్టలు ఎవరికైనా ఇచ్చేయి, నన్ను అడగొద్దు. మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి ఇంటిపన్ను సంగతి కనుక్కో. ఎనిమిదేళ్ల బకాయి పేరుకుపోయి ఉంటుంది. ఆ రోజు ఆయన బయల్దేరింది పన్ను కట్టి వస్తానని చెప్పే కదా. ఇల్లు వేలానికి పెట్టలేదంటే అదే పదివేలు. బకాయి తీర్చాక రిజిస్టరులో ఆయన పేరు తీయించి నా పేరు వేయించాలి. అద్దెకిచ్చే ఇంటికి పన్ను లెక్క వేరుగా ఉంటుందట, దానికీ దరఖాస్తు పెట్టు. కోర్టు కాగితం నకలు, తాళంచెవులు ఈ కవరులోనే ఉన్నాయి.

ఒక్క మాట. ఎవరికిచ్చినా సరే, ఆ వీధివాళ్లకి మాత్రం ఇవ్వకు.

అక్క


కుట్టు దుకాణం నుంచి
జూన్ 28

అక్కా,

ఇల్లు తెరిచాను. లోపల వేలెడు మందం దుమ్ము. పడగ్గదిలో కొక్కేనికి బావ చొక్కా అలాగే ఉంది. భుజాల దగ్గర కాస్త ఉబ్బి, ఎవరో ఇప్పుడే విప్పి తగిలించి స్నానానికి వెళ్లినట్టు. నేను రోజూ పాతిక చొక్కాలు చూసే మనిషిని. చొక్కాకి నేను భయపడటమేంటని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా దాన్ని తీయడానికి గుమ్మం దగ్గరికి రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. మూడోసారి కళ్లు మూసుకుని లాగేశాను.

బయట మెట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నేను వింతగా చూస్తుంటే ఎదురింటి వదిన చీపురుతో వచ్చింది. ఇన్నేళ్లుగా తన గుమ్మంతో పాటు మీ గుమ్మం కూడా ఆవిడే ఊడుస్తోందట. "తాళం వేసిన ఇల్లు కదమ్మా, గుమ్మం కూడా మాసిపోయి ఉంటే చూడలేను" అంది. నీ గురించి ఎంత ఆపేక్షగా అడిగిందో. వాళ్ల చిన్నోడు పోయినప్పుడు నువ్వు రెండు రోజులు ఇంటికి కూడా పోకుండా తన పక్కనే ఉన్నావని చెప్పింది.

వాళ్లు ఉంటున్న ఇంటిని ఆ యజమాని అమ్మేస్తున్నాడు. డిసెంబరు ఆఖరుకల్లా ఖాళీ చేయాలి. మీ ఇల్లు తమకిమ్మని అడిగింది. మా ఆయన లారీ నడుపుతాడు, నెలకి ఇరవై రోజులు ఇంట్లోనే ఉండడు, ఒక్కదాన్నే కొత్తచోట ఉండలేను అంది. పిల్లాడు తిరిగిన వీధి వదిలి పోలేనంది. నువ్వు వద్దన్నావు కాబట్టి మాటివ్వలేదు. కానీ ఎందుకు వద్దన్నావో నాకు అర్థం కాలేదు. ఇంతకన్నా మంచివాళ్లు మనకి ఎక్కడ దొరుకుతారు?

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు.

మునిసిపల్ ఆఫీసులో పన్ను కౌంటరు గుమాస్తా రిజిస్టరు తిరగేసి, "బకాయి ఏమీ లేదమ్మా" అన్నాడు. మళ్లీ చూడమన్నాను. ఆయన పుస్తకాన్ని నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. ప్రతి ఆరు నెలలకీ, సెప్టెంబరు చివర, మార్చి చివర, ఒక్కటి కూడా తప్పకుండా కట్టి ఉంది. మొన్న మార్చిలో కూడా. ఎవరు కట్టారని అడిగితే, "ఇంకెవరు, ఇంటాయనే" అన్నాడు.

కోర్టు కాగితం ఆయన ముందు పెట్టాను. రెండు పేజీలూ చదివి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఈయన పోయాడని ఇందులో ఉంది. పోయినాయన మార్చిలో వచ్చి పన్ను కట్టాడని అందులో ఉంది. ఏ కాగితాన్ని నమ్మమంటావమ్మా నన్ను?"

పేరు మార్పు దరఖాస్తు పక్కన పెట్టేశాడు. అక్కా, ఎవరు కడుతున్నారు?

చిట్టి


హాస్టల్
జూలై 6

చిట్టీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పిల్లలకి గంట కొట్టడం మరచిపోతే వంటమనిషి వచ్చి లేపినట్టు పిలిచింది.

ఎవరో పొరపాటున మన నంబరు మీద కడుతున్నారేమో. అంకె తారుమారైతే అలా జరుగుతుందని ఇక్కడి లెక్కల మేడం అంది. రసీదు పుస్తకంలో కట్టినవాళ్ల సంతకం ఉంటుంది కదా, అది చూడు. ఆయన సంతకం నీకు తెలుసు. నీ పెళ్లికి సాక్షి సంతకం పెట్టింది ఆయనే.

ఆ ఉదయం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. నీలం గళ్ల చొక్కా. పన్ను నోటీసు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "కౌంటరు పన్నెండింటికి మూసేస్తారు" అన్నారు. అంతే. ఎనిమిదేళ్లు ఆ ఒక్క వాక్యాన్నే తిరగేసి మరగేసి చూసుకున్నాను. అందులో ఏమీ లేదు.

నేను న్యాయమూర్తి ముందు నిలబడి, నా భర్త బతికున్న జాడ లేదని ప్రమాణం చేశాను చిట్టీ. ఆయన బతికుంటే నేనేమవుతాను? బతికుండాలని ఎన్నేళ్లు కోరుకున్నానో ఆ మనిషి గురించి, ఇప్పుడు బతికున్నాడేమో అంటే నాకు చలిపుడుతోంది. ఇది ఎవరికీ చెప్పకు.

ఎదురింటి వదినకి ఇల్లివ్వడం కుదరదు. కారణం అడగొద్దు. ఇల్లు అమ్మేస్తున్నామని అబద్ధం చెప్పినా సరే.

అక్క


కుట్టు దుకాణం
జూలై 24

అక్కా,

సంతకం బావదే.

గుమాస్తా అంత తేలిగ్గా చూపించలేదు. వాళ్లమ్మాయి గౌను రెండు రోజుల్లో కుట్టిస్తానన్నాక పాత రసీదు పుస్తకాలు అటక మీద నుంచి దింపించాడు. పదహారు రసీదులు. బావ సంతకం చివర తోక వెనక్కి తిరిగి మొదటి అక్షరాన్ని తాకుతుంది చూడు, అలాగే ఉంది పదహారింటి మీదా. నేను ముందు సంతోషపడ్డాను. ఆ తర్వాత నా వేలు ఆ సిరా మీద ఉందని చూసుకుని తీసేశాను.

మనిషి ఎలా ఉంటాడని అడిగాను. "మామూలుగానే ఉంటాడమ్మా. వరసలో నిలబడతాడు. చిల్లర సరిగ్గా తెస్తాడు. ఎవరితోనూ మాట్లాడడు" అన్నాడు. ఏ రోజు వస్తాడంటే, గడువుకి రెండు మూడు రోజుల ముందు అన్నాడు.

సున్నం వేసేవాడు హాలు, వంటిల్లు ముగించాడు. పడగ్గది మాత్రం తన తమ్ముణ్ణి తోడు తెచ్చుకున్నాకే మొదలుపెడతానన్నాడు. కారణం అడిగితే, "గోడ గీకుతుంటే ఎవరో గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టుందమ్మా, వెనక్కి తిరిగితే ఉండరు" అన్నాడు. పట్టపగలు, పదకొండు గంటలకి. నేను వాడి మీద కేకలేశాను గానీ, ఆ రోజు నుంచి నేను కూడా ఆ ఇంట్లోకి ఒంటరిగా పోవడం లేదు.

సెప్టెంబరు చివరి వారం దుకాణం మూసి ఆ కౌంటరు ముందు బెంచీ మీద కూర్చుంటాను. ఎవరొస్తారో నా కళ్లతో చూస్తాను.

వదినకి అబద్ధం చెప్పలేకపోయాను. ఇంకా ఏమీ తేలలేదన్నాను.

చిట్టి


కుట్టు దుకాణం
అక్టోబరు 3

అక్కా,

నాలుగు రోజులు కూర్చున్నాను. ఎవరూ రాలేదు. నువ్వన్నట్టు అంకె పొరపాటే అయ్యుంటుంది.

సున్నం పని అయిపోయింది. పంపు బాగైంది. వంటింటి కిటికీకి కొత్త గొళ్లెం పెట్టించాను. అద్దెకి ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు. వర్షాలు తగ్గాయి. పిల్లలు బాగున్నారు.

చిట్టి


హాస్టల్
అక్టోబరు 10

చిట్టీ,

నువ్వు నాకు ఎప్పుడైనా వర్షం గురించి రాశావా? కిటికీ గొళ్లెం గురించి రాసే మనిషివా నువ్వు? సున్నం వేసేవాడి భయం గురించి అరపేజీ రాసినదానివి, నాలుగు రోజులు బెంచీ మీద కూర్చుని ఒక్క వాక్యంతో తేల్చేశావు.

నువ్వు ఆయన్ని చూశావు. చెప్పొద్దని ఆయన నీ దగ్గర మాట తీసుకున్నారు. కాదని రాయకు.

నువ్వు చెప్పడానికి వీలుగా ముందు నేనే చెబుతాను. ఇది అమ్మకి కూడా చెప్పలేదు.

ఎదురింటి చిన్నోడికి ఫిట్స్ వచ్చేవి, నీకు గుర్తుందో లేదో. ఐదేళ్లు వాడికి. వాడి మందు మీ బావ పనిచేసే మందుల షాపు నుంచే వెళ్లేది. ఆ మంగళవారం మధ్యాహ్నం మందు తాగి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. ఆస్పత్రిలో మందు ఎక్కువైందన్నారు. మూడో రోజు సాయంత్రం మీ బావ షాపు నుంచి తొందరగా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకొచ్చి నిలబడ్డారు. "సీసా మారింది. పిల్లల మందు సీసా పక్కనే పెద్దవాళ్ల మందు ఉంది. నేను పెద్దవాళ్లదే ఇచ్చాను. ఇప్పుడే షాపులో మందుల అర చూసుకున్నాను" అన్నారు. ఎదురింటికి వెళ్లి చెబుతానన్నారు.

నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను. చెబితే పిల్లాడు తిరిగొస్తాడా అన్నాను. మిమ్మల్ని జైల్లో పెడతారు, వీధిలో మన మీద రాళ్లేస్తారు, నోరు మూసుకుని ఉండండి అన్నాను. ఆయన నా మాట విన్నారు. పదకొండు రోజులు విన్నారు. పన్నెండో రోజు పన్ను కట్టి వస్తానని వెళ్లారు.

ఆయన్ని వెళ్లగొట్టింది నేనే. ఆవిడకి ఆ ఇల్లు ఎందుకివ్వలేనో ఇప్పుడు తెలిసింది కదా. ఇక నువ్వు చెప్పు.

అక్క


కుట్టు దుకాణం
అక్టోబరు 18

అక్కా,

అవును, వచ్చాడు. మూడో రోజు, పదకొండు కావస్తుండగా.

నేను చొక్కాలకి కాజాలు కుట్టుకుంటూ బెంచీ మీద ఉన్నాను. ముందు మొహం పోల్చుకోలేదు. జుట్టంతా తెల్లబడింది. ఒక భుజం కిందికి వాలింది. వరసలో ముందువాడి దరఖాస్తు కింద పడితే తీసి ఇస్తూ, అందులో ఉన్నది కూడా వేలితో గీత గీస్తూ చదివాడు. తన నోటీసు కూడా అలాగే రెండుసార్లు, ప్రతి అంకె కిందా వేలు పెట్టి. చదివింది నమ్మని మనిషి చదివినట్టు. ఆ తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, బావేనని.

"బావా" అన్నాను. కదల్లేదు. మళ్లీ అన్నాను.

"కట్టేసి వస్తాను చిట్టీ" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. నిన్న సాయంత్రమే నన్ను చూసిన మనిషిలాగా.

ఆఫీసు వెనక టీ బండి దగ్గర కూర్చున్నాం. అర పూట బస్సు ప్రయాణమంత దూరంలో ఒక కలప డిపోలో దుంగల కొలతలు రాస్తాడట. అక్కడే ఒక గదిలో ఉంటాడు. పెళ్లీ గిళ్లీ ఏమీ లేదు. నీ గురించి అడగడానికి చాలాసేపు పట్టింది. కోర్టు కాగితం సంగతి చెబితే, "మంచిదేగా" అన్నాడు. నేను ఉండబట్టలేక గట్టిగానే అడిగాను, ఇల్లూ వాకిలీ వదిలేసినవాడివి పన్నెందుకు కడుతున్నావు, అక్కని ఏడిపించడానికా అని.

అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ప్రతిసారీ వదినకి చెప్పేద్దామనే బస్సెక్కుతాను. బస్టాండులో దిగుతాను. ఈ ఆఫీసు దాకా వస్తాను. ఇక్కణ్ణుంచి మన వీధి ఎంత? ఆరు మలుపులు. కాళ్లు రావు. ఇంత దూరం వచ్చినందుకు కనీసం చెప్పి వచ్చిన పనైనా చేద్దామని పన్ను కట్టి పోతాను."

అప్పుడు నాకు ఏ వదినో, ఏం చెప్పాలో తెలియదు. అడిగితే తల దించుకున్నాడు. ఆ పిల్లాడి మందు తనే ఇచ్చానని మాత్రం అన్నాడు, నీ మాట ఎత్తలేదు. నిన్ను ఒక్క మాట అనలేదు అక్కా. "సీసా దొరికుంటే వాళ్లకే తెలిసేది. నేను నోరు తెరవక్కర్లేకపోయేది. అదేమైపోయిందో మరి" అన్నాడు. లేచేటప్పుడు, "అక్కకి చెప్పకు. ఇప్పుడిప్పుడే ఆమెకి ఊపిరాడుతుంటుంది" అన్నాడు. అందుకే వర్షం గురించి రాశాను. అబద్ధాలు రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు.

నీ ఉత్తరం చదివాక నిన్న మీ వీధికి వెళ్లాల్సొచ్చింది. ఎవరో ఇల్లు చూస్తామన్నారు. వదిన మీ మెట్లు ఊడుస్తోంది. నన్ను చూసి నవ్వింది. నేను తలుపు తీసే నెపంతో మొహం తిప్పేసుకున్నాను. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరో ఉన్నట్టుందని భయపడ్డాను. ఇప్పుడు అందులో ఎవరూ లేరు. అదే ఇంకా భరించలేకపోతున్నాను.

నాకెందుకు చెప్పావని కోపంగా ఉంది. ఎనిమిదేళ్లు చెప్పనందుకు ఇంకా కోపంగా ఉంది. ఆవిడ డిసెంబరు దాకానే ఆ వీధిలో ఉంటుంది. ఆ తర్వాత ఎక్కడని వెతుకుతావు?

చిట్టి


హాస్టల్
నవంబరు 21

చిట్టీ,

నీకు చెప్పకుండా వచ్చి వెళ్లాను. కోప్పడకు. నీ దగ్గరికి వస్తే నీ పిల్లలతో ఆడుకుంటూ కూర్చుని తిరిగి వచ్చేసేదాన్ని.

బస్టాండు నుంచి నడిచే వెళ్లాను. మన ఇంటి ముందు ఆగలేదు. ఎదురింటి తలుపు తీసే ఉంది. వదిన సామాను పెట్టెల్లో సర్దుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. తర్వాత కుర్చీ మీద బట్టలు తీసి, "కూర్చోండి వదినా" అంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను, లేకపోతే చెప్పలేనని.

నీకు రాయనిది ఒకటుంది. సీసా ఏమైందో మీ బావకి తెలియదు. నాకు తెలుసు. ఆయన వంటింట్లో ఆ మాట చెప్పిన సాయంత్రమే నేను ఎదురింటికి వెళ్లాను. ఇంటినిండా జనం. సీసా కిటికీలో ఉంది. నీళ్లు తేవడానికన్నట్టు లేచి దాన్ని కొంగులో చుట్టుకుని వచ్చేశాను. వీధి చివర మురుగు కాలవలో పడేశాను. ఆ తర్వాత తిరిగి వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను. ఆ కూర్చోవడాన్నే ఆవిడ నీకు ఆపేక్షగా చెప్పింది.

మందు మారిన సంగతీ, ఆయన్ని నేను ఆపిన సంగతీ, సీసా సంగతీ, అన్నీ చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. పెట్టె అంచు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. కిందనుంచే మాట్లాడింది.

"మందు ఎక్కువైందన్నారు ఆస్పత్రిలో. చెంచాతో పోసింది నేను. ఎన్ని పోశావని మా ఆయనడిగారు. ఒకటే అన్నాను. సీసా చూపించమన్నారు, ఎంత తగ్గిందో చూద్దామని. సీసా లేదు. నువ్వే దాచేశావన్నారు."

పెట్టె అంచుని వేలితో రాస్తూ మళ్లీ అంది.

"కొన్నాళ్లకి నాకే అనుమానమొచ్చింది. రెండు పోశానేమో, ఏదో ధ్యాసలో ఉన్నానేమో అని. ఎనిమిదేళ్లుగా ఆ చెంచా పోస్తూనే ఉన్నాను వదినా. ఒక్కోసారి ఒకటే పోస్తాను. ఒక్కోసారి రెండు."

చిట్టీ, ఒక తప్పుని దాచిపెట్టానని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. నేను దాచిపెట్టలేదు. తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను.

అన్నయ్యగారు బతికే ఉన్నారా అని అడిగింది. ఉన్నారన్నాను. "అయితే రమ్మనండి. వచ్చి రాసిమ్మనండి, సంతకం పెట్టి. మీ మాట చాలదు. మీరు సీసా తీసిన మనిషి" అంది. మన ఇల్లు అద్దెకి వద్దంది.  నేను గుమ్మం దాటాక తలుపు మూసింది. గట్టిగా వెయ్యలేదు, మామూలుగానే మూసింది.

నేరుగా వకీలు దగ్గరికి వెళ్లాను. ఆ కోర్టు ఉత్తర్వు రద్దు చేయమని నేనే అర్జీ పెడుతున్నాను. సీసా సంగతి కూడా రాసి పోలీసులకి ఇస్తాను. ఉద్యోగం పోవచ్చునన్నాడు ఆయన. పోనీ.

మీ బావకి నువ్వే చెప్పు. నేను రాయను. ఒకసారి ఆయన నా మాట విన్నారు. ఈసారి నా మాట విని రావడం నాకిష్టం లేదు.

అక్క


కుట్టు దుకాణం
డిసెంబరు 27

అక్కా,

ముందు ఇంటి సంగతి రాసేస్తాను, లేకపోతే మరచిపోతాను. బదిలీ మీద వచ్చిన ఒక పోస్టుమాస్టరు కుటుంబానికి అద్దెకిచ్చాను. ఒకటో తారీఖు నుంచి ఉంటారు. అద్దె ఇల్లుగా పన్ను మార్చే దరఖాస్తు మీద బావే సంతకం పెట్టాడు. రిజిస్టరులో పేరు మార్పు ఇక అక్కర్లేదని చెప్పి కోర్టు కాగితం నకలు వెనక్కి తీసుకున్నాను. గుమాస్తా బావని తేరిపార చూసి, "బతికున్నవాళ్ల పన్ను కొంచెం ఎక్కువే సార్, అద్దెకిచ్చారు కదా" అన్నాడు. బావ నవ్వలేదు గానీ తల ఊపాడు.

ఇక అసలు సంగతి.

డిపోకి నేనే వెళ్లి చెప్పాను. చెంచా మాట చెప్పేసరికి చేతిలో ఉన్న కొలత కర్ర కింద పెట్టి, మేస్త్రీకి చెప్పి, వేసుకున్న బట్టలతోనే నాతో బయల్దేరాడు.  మునిసిపల్ ఆఫీసు దాటాక నాలుగో మలుపు దగ్గర ఆగిపోయాడు. గోడకి చేయి ఆనించి నిలబడ్డాడు.  పక్కనే నిలబడ్డాను. రెండు రిక్షాలు, ఒక పాల సైకిలు పోయాయి. ఆ తర్వాత తనే నడిచాడు.

వదిన ఒంటరిగా లేదు. ఆవిడ భర్త లారీ సరుకు దింపుకుని ముందురోజే వచ్చాడట. సామానంతా గోడ వారకి చేర్చి ఉంది. మధ్యలో ఒక బల్ల, దాని మీద తెల్ల కాగితాలు, కలం. ఆవిడ సిద్ధం చేసి పెట్టింది. బావ చేతులు జోడించబోతే, "ముందు రాయండి" అంది.

రాశాడు. ఏ రోజు ఏ మందు ఇవ్వాలో, ఏ మందు ఇచ్చాడో, అందులో ఒక్క చెంచా ఐదేళ్ల పిల్లాడికి ఎంత ఎక్కువో, అంతా అంకెలతో సహా. రాసి రెండుసార్లు చదువుకున్నాడు, వేలు పెట్టి. అలాంటిదే ఇంకో ప్రతి కూడా రాశాడు. అది పోలీసు స్టేషనులో ఇచ్చాడు, నేను కూడా వెళ్లాను. ఆ షాపు మూసేసి ఆరేళ్లయింది, యజమాని కూడా పోయాడు. స్టేషనులో చిరునామా రాయించుకుని పిలిచినప్పుడు రావాలన్నారు. నీ కాగితం కూడా అక్కడికి చేరిందట, నిన్నూ పిలుస్తారు. ఏమవుతుందో నాకు తెలియదు అక్కా. బావ మాత్రం ఆ రాత్రి మా ఇంట్లో పడుకుని, ఉదయం పిల్లలు లేపేదాకా లేవలేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది స్టేషనుకి ముందు జరిగింది.

మొదటి కాగితం వదిన తీసుకుంది. తను చదవలేదు. తిన్నగా తీసుకెళ్లి తన భర్త చేతికిచ్చింది. ఆయన గుమ్మంలో వెలుతురుకి నిలబడి చదివాడు. పొడుగాటి మనిషి, తలుపంతా నిండిపోయాడు. బావ మీద పడతాడేమోనని నేను లేచి నిలబడ్డాను. ఆయన బావ వైపు చూడనే లేదు. కాగితం చివరికంటా చదివి, మళ్లీ మొదటికొచ్చి, ఒకచోట ఆగిపోయాడు. 

"ఒక్క చెంచానే పోశావా?" అన్నాడు.

"ఒక్క చెంచానే పోశాను" అంది వదిన.

నాకు చెప్పడానికి చెప్పినట్టు లేదు ఆ మాట, ఆయనకి చెప్పినట్టూ లేదు. తనే మొదటిసారి వింటున్నట్టు అంది. ఆయన గుమ్మంలోనే చతికిలబడి మొహం మోకాళ్లలో దాచుకున్నాడు. ఎంత పెద్ద మనిషో, అంత చిన్నగా అయిపోయాడు. బావ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అతన్ని కూర్చోమన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు.

వదిన మాత్రం ఏడవలేదు. ఆయన పక్కనుంచి ఒరుసుకుంటూ వీధిలోకి వెళ్లి ఎండలో నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడింది, చేతులు రెండూ ఖాళీగా వదిలేసి.

చిట్టి